నలువది నిమిషముల సంవత్సరము

1891వ సంవత్సరము డిసెంబరు మాసమున, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వెలుపల శీతకాలము బిగిసియుండగా, వై.ఎం.సి.ఎ. శిక్షణాలయపు వ్యాయామశాలలో నాలుగు గోడల నడుమ విసిగి వేసారి, ఉపాధ్యాయుల సహనమును పరీక్షించుచున్న పదునెనిమిదిమంది విద్యార్థులకు ఏదో యొక వ్యాపకము కల్పింపవలసిన భారము జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయునిపై బడెను. ఆయన పీచ్ పండ్ల బుట్టలు రెండు తెప్పించి, వ్యాయామశాల పైవసారా అంచున ఈ దెస నొకటి ఆ దెస నొకటి కొట్టించి, ఒక ఫుట్‌బాలును కుఱ్ఱవాండ్ర చేతికిచ్చి, పదుమూడు నియమములు వ్రాసి గోడకంటించెను. ఆ వసారా నేలనుండి పది యడుగుల యెత్తున నుండెను గనుక, నేటికిని లోకమందంతటను బాస్కెట్‌బాల్ రింగు పది యడుగుల యెత్తుననే, మీటర్ల లెక్కలో 3.05 ఎత్తున, ఉండుచున్నది. వైపునకు తొమ్మండుగురు చొప్పున ఆడిన ఆ మొదటి యాటలో బంతి బుట్టలో బడినది ఒక్కసారియే. చలికి వెఱచి, గాలి చొరకుండ, కప్పుక్రింద ఆడుకొనుటకై పుట్టిన ఈ క్రీడ, ఎండయు గాలియు తప్ప మఱేమియు పుష్కలముగా లేని అనంతపురపు పీఠభూమిపైకి వచ్చి, ఆకాశమే కప్పుగా ఆడబడుచుండుట చూచిన, ఆటలకును మనుష్యులకువలెనే జాతకములుండునేమో యని తోచును.

అనంతపురపు వాన సంగతి తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల మీదనే తన బరువంతయు దింపుకొని, ఇటు దాటి వచ్చుసరికి వట్టి గాలిగా మిగులును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును తడిపి, ఇంత లోపలికి వచ్చులోపల డస్సిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టును మాత్రమే కురియు ఈ వాన, దేశమున మిక్కిలి తక్కువ వర్షపాతము గల జిల్లాలలో దీనిని ఒకటిగా నిలిపినది. ఆ కొంచెములోను పెద్దపాలు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో పడును. కళాశాలల ఆటల పోటీలకు సన్నాహములు ముమ్మరమగు దినములును సరిగా అవియే. కావున ఏడాది పొడుగున వానకై మొగము వాచి చూచిన ఊరివారు సంతోషించు సాయంకాలమున, సిమెంటు మైదానముపై చీపురుతో నీటిని నెట్టుచు కళాశాల జట్టులోని పండ్రెండుగురు కుఱ్ఱవాండ్రు మాత్రము మనసులో కొంత నొచ్చుకొందురు. ఆ మాట పైకన్నచో ఇంటివద్ద వేరుసెనగ వేసిన తండ్రి క్షమింపడు.

ఈ క్రీడ మన దేశమునకు వై.ఎం.సి.ఎ. వారి వెంటనే వచ్చినది. హ్యారీ క్రో బక్ అను అమెరికనుడు 1920లో మద్రాసున వ్యాయామ విద్యా కళాశాల నొకదానిని స్థాపించెను. ఉన్నత పాఠశాలలకును కళాశాలలకును వ్యాయామోపాధ్యాయులను తయారుచేయు ఆ సంస్థ యుండిన మద్రాసు రాజధానిలోనే అప్పుడు అనంతపురమును ఉండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకును ఉండెను. దత్తమండలముల కళాశాల యను పేర అనంతపురమున 1916లో వెలసి, నేడు ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలగా నున్న విద్యాలయము ఈ ప్రాంతమున ఉన్నతవిద్యకు తొలి గడప. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అందు కొంతకాలము బోధించిరి. నీలం సంజీవరెడ్డిగారు అందు చదివి, స్వాతంత్ర్యోద్యమమునకై చదువు మానుకొనిరి. 1946లో ఏర్పడిన ఇంజనీరింగు కళాశాల వచ్చి చేరుటతో ఊరు విద్యార్థుల ఊరైనది.

కళాశాల జట్టులోని కుఱ్ఱవాడు ఏ విశ్వవిద్యాలయపు జెర్సీ తొడుగుకొనునన్నది ఈ గడ్డపై కాలమునుబట్టి మారుచు వచ్చినది. 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. 1968లో దాని స్నాతకోత్తర కేంద్రముగా అనంతపురమున మొదలైనది 1981లో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. ఇంజనీరింగు కళాశాల 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో చేరి, 2008లో తానే వేఱు విశ్వవిద్యాలయమునకు కేంద్రమైనది. కడపకు 2006లో యోగి వేమన, కర్నూలునకు 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయములు వచ్చినవి. దీనివలన ఆటగాండ్రకు కలిగిన మేలొకటి, కీడొకటి. విశ్వవిద్యాలయ మొక్కటి పెరిగినచో పండ్రెండు జెర్సీలు పెరుగును. ఒకప్పుడు పేరు కూడ తలపెట్టలేని బాలునకు నేడు ఎంపిక దొరకును. కాని ఒక విశ్వవిద్యాలయపు పరిధి ఎంత చిన్నదగునో, అందు పోటీపడు కళాశాలల వలయమును అంత చిన్నదగును. గట్టి జట్టుతో తలపడి దెబ్బతిని నేర్చుకొను సందర్భములు తగ్గును. నా దృష్టిలో కీడే పెద్దది. కారణము ముందు చెప్పెదను.

సీజను అను మాట వినగానే నెలల తరబడి సాగు ఆటల వరుస మన మనస్సునకు వచ్చును. ఇచ్చట నెలల తరబడి సాగునది సాధన మాత్రమే. జూలైలో తరగతులు మొదలగుసరికి ఆషాఢపు గాలి పడమటినుండి వీచుచుండును. రామగిరి కొండలపై గాలిమరలను త్రిప్పు గాలి యది; ఆఱువందల గ్రాముల చుట్టును తూగు బంతిని లెక్కసేయదు. 6.75 మీటర్ల గీతకు వెలుపలనుండి బంతి విసరి బుట్టలో వేసినచో మూడు పాయింట్లు వచ్చునను నియమము పుస్తకమున నున్నదే కాని, ఆషాఢమున ఆరుబయటి కోర్టులో ఆ గీతవద్ద నిలుచుండి గురిచూచువాడు గాలితోకూడ లెక్క సరిచూచుకొనవలెను. బంతి చేతినుండి సరిగానే వెడలును. రింగునకు బెత్తెడు దూరమున ప్రక్కకు ఒరగి, ఇనుపకడ్డీని తాకి, మైదానపు టంచున నున్న తుమ్మచెట్ల వైపు దొరలును. అందుచే ఈ పీఠభూమిపై ఆట నేర్చిన కుఱ్ఱవాండ్రు దూరపు విసరులను నమ్ముకొనక, బంతిని నేలకు కొట్టుచు బుట్టక్రిందికి దూసికొనిపోయి, బోర్డునకు తాకించి రింగులో దిగవేయు లేఅప్పునే నమ్ముకొందురు. బోర్డును ఆసరాగా గొన్న బంతిని గాలి అంతగా మోసగింపజాలదు. ఇది శైలియని పండితులనవచ్చును. గాలి నేర్పిన చదువని నేనందును.

ఉదయము ఐదున్నరకు, సాయంకాలము ఐదు దాటిన పిదప, సాధన. నడుమ వేళ సిమెంటు నేల కాలిన పెనము. వేసవిలో ఎండ నలువది డిగ్రీలు దాటిన దినములలో ప్రొద్దుగ్రుంకినను ఆ నేల వేడిని వదలదు, బూట్ల అడుగుభాగములు మెత్తబడి జిగురువాసన వచ్చును. మొదటి పని ఊడ్చుట. రాత్రి గాలి తెచ్చి పోసిన సన్నని ఎఱ్ఱదుమ్ముపై పరుగెత్తి చటుక్కున ఆగబోయినవాడు ఆగడు, జారును. మోకాలిచిప్పలు రక్షించుకొనవలెనన్న ముందుగా చీపురు పట్టవలెను. పి.డి. సారు, అనగా ఫిజికల్ డైరెక్టరు గారు, మెడలో ఈలతో గీతవద్ద నిలిచి, “యేమప్పా, కాళ్లకు మేకులు కొట్టినారా? కదలండప్పా!” అనును. “దుమ్ము సార్, జారుతాండాది,” అని ఒకడనగా, “ఆడికి పోతే మరం నేలుంటాదిలే, ఆడ జారకపోతే చూస్తా నీ ఆట,” అని ఆయన నవ్వును. ‘ఆడికి’ అనగా చెన్నపట్టణమునకో, బెంగుళూరునకో. అచ్చట చెక్క పఱచిన నేలపై, కప్పుక్రింద, విద్యుద్దీపములలో ఆడవలసివచ్చును. జారని నేలపై ఆటయే వేఱు: అలవాటులేని పాదము అనుకొన్నదానికంటె ముందుగా ఆగిపోవును, దేహము ముందుకు తూలును, రిఫరీ ఈల వేయును.

ఈ క్రీడ నెఱుగనివారికై రెండు మాటలు. ఇరువదియెనిమిది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు గల కోర్టులో జట్టునకు ఐదుగురు చొప్పున ఆడుదురు. బల్లపై మఱి ఏడుగురు వేచియుందురు. పది నిమిషముల భాగములు నాలుగు. బంతి చేతికి వచ్చినది మొదలు ఇరువదినాలుగు క్షణములలోపల బుట్టవైపు విసరితీరవలెను. అమెరికాలో వృత్తి క్రీడాకారుల ఆటలు మందకొడిగా సాగి ప్రేక్షకులు విసుగుచెందగా 1954లో తెచ్చిన నియమమిది, తరువాత లోకమంతయు స్వీకరించినది, అంతర్జాతీయపు ఆటలో మొదట ముప్పది క్షణములుగా, పిదప ఇరువదినాలుగుగా. ఐదు తప్పులు చేసినవాడు ఆటనుండి వెడలవలెను. గార్డు అనబడు పొట్టివాడు బంతిని నడపును, సెంటరు అనబడు పొడుగువాడు బుట్టక్రింద కాచును, నడిమివారు ఇరువంకలను పరుగెత్తుదురు. పొడుగు లేని జట్టులు ప్రత్యర్థిని తన సగములోనే అడ్డగించి, ఊపిరి తీసికొననీయక, బంతిని లాగుకొన జూచును. ఈ ప్రాంతపు జట్టులు ఎక్కువగా ఇట్టివే. అడ్డగించుటకు కావలసినది ఎత్తుకాదు, రొప్పని గుండె.

ఇక పోటీ. మొదటిది అంతఃకళాశాలల పోటీ. ఒక విశ్వవిద్యాలయపు పరిధిలోని కళాశాలల జట్టులన్నియు ఒకచోట చేరి రెండుమూడు దినములలో తేల్చుకొందురు. సాంకేతిక విశ్వవిద్యాలయమైనచో అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు, నెల్లూరు దెసలనుండి జట్టులు వచ్చును. పద్ధతి నాకౌటు: ఓడినవాడు మూట కట్టుకొనును. గణితము సులభమైనది. పదునాఱు జట్టులు వచ్చినవనుకొనుడు. అందు ఎనిమిది జట్టులు ఒక్క ఆటతో ఇంటికి పోవును, మఱి నాలుగు రెండాటలతో. గెలిచి కప్పు నెత్తిన జట్టు ఆడినదియు నాలుగే. జూలైనుండి తెల్లవాఱుజామున లేచి, దుమ్మూడ్చి, గాలితో పోరాడి, తరగతిలో కునుకుపాట్లు పడి, మార్కులు పోగొట్టుకొని సాధనచేసిన యువకునకు ఏడాది మొత్తము మీద నిజమైన ఆట నలువది నిమిషములు; బల్లపై కూర్చున్నవానికి అదియు లేదు. మొలకవేళ ఒక వాన తప్పిన చాలును, మెట్టపొలమున వేరుసెనగ రైతునకు ఆ యేటి కథ ముగియును. నాకౌటు పద్ధతి ఆతని కుమారుని ఆటనుకూడ అదే తీరున పండించుచున్నది. ఒక్క సాయంకాలము గార్డునకు జ్వరము తగిలినను, సెంటరు తొందరపడి రెండవ భాగములోనే నాలుగు తప్పులు చేసినను, అంతే.

ఓడిన జట్టులోని మంచి ఆటగానికి ఒక దారి కలదు. పోటీలు జరుగుచుండగా ఎంపిక సంఘము వారు గోడవారగా కుర్చీలు వేసికొని, కాగితముపై గుఱుతులు పెట్టుచుందురు. జట్టు ఓడినను ఆటగాడు ఎన్నుకొనబడవచ్చును. ఎన్నికైనవారికి శిక్షణ శిబిరము, అందు తుదకు మిగులువారు పండ్రెండుగురు. అర్హతాపత్రము నింపుట ఒక చిన్న యజ్ఞము: వయసు పదునేడునకును ఇరువదియైదునకును నడుమ నుండవలెను, పుట్టినతేదీకి పదవతరగతి ధ్రువపత్రము సాక్ష్యము, ఛాయాచిత్రముపై ప్రిన్సిపాలు ముద్ర సగము పత్రముపై సగము చిత్రముపై పడవలెను. ఆ ముద్ర చక్కగా పడలేదని పోటీస్థలమున ఆపివేయుదురేమోనను దిగులు మేనేజరును రైలులో నిద్రపోనీయదు.

విశ్వవిద్యాలయ జట్టు పోవునది దక్షిణమండల పోటీలకు. భారత విశ్వవిద్యాలయముల సంఘము దేశమును నాలుగు మండలములుగా విభజించి, ప్రతి మండలమునందును ముందు నాకౌటు, తుదకు మిగిలిన నాలుగింటికి లీగు, జరిపించును. ఆ నాలుగు జట్టులు అఖిలభారత పోటీలకు పోవును. దక్షిణమండలమన ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి. ఈ మండలమునందు బాస్కెట్‌బాలునకు చెన్నపట్టణమే రాజధాని: మద్రాసు విశ్వవిద్యాలయము, ఎస్.ఆర్.ఎం. వంటి జట్టులు, బడియీడునుండి క్లబ్బులలో పెరిగి, ఏడాది పొడుగున పోటీలాడు ఆటగాండ్రతో వచ్చును. వీరికెదురుగా మన పండ్రెండుగురు నిలిచినపుడు చూచువారు మొదట గమనించునది ఎత్తులోని తేడా. రెండవ భాగము వచ్చుసరికి కనబడునది మఱొక తేడా. మనవాడు పరుగులో తీసిపోడు, దూకుటలో తీసిపోడు. కాని ఐదు పాయింట్లు వెనుకబడి మూడు నిమిషములు మిగిలినపుడు ఏమి చేయవలెనో ఎదుటివాని చేతులకు తెలియును, మనవాడు బల్లవైపు చూచును. అట్టి మూడు నిమిషములు వాడు ఎన్నిసార్లు ఎదుర్కొనినాడని! సాధనలో వెనుకబడుట యుండదు, గడియారమును ఉండదు. ఎత్తు కొఱతయని, తిండి కొఱతయని, మనము చెప్పుకొను కారణములన్నింటికంటెను పెద్దకారణము ఆటల కొఱతయే.

అమెరికాలో ఇదే యీడు విద్యార్థి, పెద్ద కళాశాలల శ్రేణిలోనివాడు, నవంబరునుండి మార్చివఱకు ముప్పదికి దగ్గరగా ఆటలాడిన పిదపనే నాకౌటు గడప త్రొక్కును. ఎనిమిది జట్టులతో 1939లో మొదలైన వారి జాతీయ నాకౌటు 2011నుండి అఱువదియెనిమిది జట్టులతో నడచుచున్నది. మార్చిమాసమున దేశమంతయు ఆ పిచ్చిలో నుండును. అనంతపురమున ఇంజనీరింగు ముగించి అచ్చటికి పైచదువులకు పోయిన మనవారు, వేలకొలది జనము పట్టు కళాశాలల ఆటశాలలను చూచి నివ్వెఱపోవుట వింతకాదు. అచ్చటను ఓటమి యందఱికి నున్నదే. ఈ క్రీడను సృష్టించిన నైస్మిత్ మహాశయుడు కాన్సస్ విశ్వవిద్యాలయమున మొదటి శిక్షకుడై తొమ్మిది సీజనులు జట్టును నడపి, 55 ఆటలు గెలిచి 60 ఓడెను. ఎందఱో ఘనులైన శిక్షకులు గల ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపులకంటె ఓటములెక్కువగా గల శిక్షకుడు ఆయన యొక్కడే! కాని గమనింపుడు, ఓడుటకైనను ఆయనకు అఱువది యవకాశములు దొరకినవి.

మన దేశపు పురుషుల జట్టు ఒలింపిక్సులో ఆడినది ఒక్కసారి, 1980లో మాస్కోయందు. అదియు పెక్కు దేశములు బహిష్కరించుటచే కలిగిన అవకాశము. ఆడిన ఏడాటలును ఓడిరి.  

కరవునేలపై ఆట పండదను మాటయు నిలువదు. 1969లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి క్రీడాగ్రామమున పల్లెపిల్లలు క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాలు, జూడో నేర్చుచున్నారు. నడాల్ ప్రతిష్ఠానము వారి టెన్నిస్ పాఠశాల 2010నుండి అచ్చటనే యున్నది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలకు ఆ మైదానమే వేదికయైనది. మైదానము, శిక్షకుడు, క్రమముతప్పని పోటీ, ఈ మూడును ఒకచోట చేర్చినచో ఏమి జరుగునో చూడగోరువారు దూరము పోనక్కఱలేదు. కళాశాలల బాస్కెట్‌బాలునకు మొదటిది ఉన్నది, రెండవది పి.డి. సారు రూపమున కొంత ఉన్నది; మూడవదియే లేదు.

ఆటవలన ఏమి వచ్చునని తలిదండ్రులడుగుట సహజము. విశ్వవిద్యాలయ జట్టున ఆడిన ధ్రువపత్రమునకు రైల్వేలలో, పోలీసుశాఖలో క్రీడాకోటా ఉద్యోగమునకు విలువ గలదు. గుంతకల్లు రైల్వే డివిజను కేంద్రము కన్నులయెదుట నుండగా ఈ ప్రాంతపు తలిదండ్రులకు ఆ విలువ విప్పిచెప్పనక్కఱలేదు. కాని అట్టి ఉద్యోగములు కొద్ది. మిగిలినవారు చదువు ముగించి హైదరాబాదునకో బెంగుళూరునకో పోయి, కంప్యూటరు ముందు కూర్చుండి, బూట్లను అటకపై వేయుదురు. జనవరినాటికి దక్షిణమండలము ముగియును, సెమిస్టరు పరీక్షలు నెత్తిపైకి వచ్చును. తుదియేటివారు వెడలిపోగా జట్టులో సగము ఖాళీయగును, జూలైలో మరల మొదటినుండి ఆరంభము.

దీనికి మార్గము గొప్ప వ్యయముతో కూడినదికాదు. అనంతపురము, గుత్తి, తాడిపత్రి, ధర్మవరము, గుంతకల్లు, కదిరి, పుట్టపర్తి, హిందూపురము: ఒకదానినుండి మఱొకదానికి బస్సులోనో ప్యాసింజరు బండిలోనో పోయి, ఆడి, ఆ రాత్రికే తిరిగి రాదగిన దూరములివి చాలభాగము. ఏ విశ్వవిద్యాలయమునకు చెందినవారైనను భేదము పాటింపక, ఎనిమిది కళాశాలలు కూడి, నవంబరునుండి ఫిబ్రవరివఱకు, గాలి తగ్గి ఎండ మెత్తబడిన మాసములలో, ప్రతి శనివారము సాయంకాలము ఒకరి యూరికి ఒకరు పోయి లీగు ఆడుకొన్నచో, ప్రతి జట్టునకును తక్కిన ఏడింటితో ఇంటనొకటి బయటనొకటి చొప్పున పదునాలుగు ఆటలు దక్కును. దక్షిణమండలమునకు పోవులోపల అందు సగమైనను ముగిసియుండును. కావలసినవి కోర్టునకు నాలుగు మంచి దీపములు, ఆటకు ఇద్దఱు రిఫరీలు, వారికి దారిఖర్చులు, పండ్రెండుగురకు టీయును రాత్రి భోజనమును. దీపములకు పూర్వవిద్యార్థులనడుగవచ్చును, అమెరికాలో ఆటశాలలు చూచి నివ్వెఱపోయినవారిని మొదట అడుగుడు.